గట్టెక్కిన వైనం

సూర్యప్రకాష్ గారి మీద కృష్ణవేణికున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎక్కడికి వెళ్ళినా కోనసీమను వెంట తీసుకెళ్తారు. తీసుకెళ్ళి ఓ మూల పెట్టి ఊరుకుంటే ఆవిడకేం అభ్యంతరం లేదు. ఆయన విప్పి పరుస్తారు. ఊటీలో టీ తోటలు చూసి, ఇంత నేల ఉంచుకుని ఒక్క కొబ్బరిమొక్క వెయ్యలేదని ఆ పూటంతా బెంగపడ్డారు. రాజస్థాన్‌లో ఒంటె మీద కూర్చుని, కాలవ లాకులు ఎక్కడున్నాయని ఒంటెవాణ్ణి అడిగారు. హైదరాబాద్‌లో కూతురు హేమ కొత్తగా చేరిన ఫ్లాటు బాల్కనీలోంచి కిందికి తొంగిచూసి, "పర్లేదమ్మా, వరద ఇంతెత్తు రాదు" అని భరోసా ఇచ్చారు.

ఇలాంటి మనిషిని హిమాలయాలకు పంపాలన్న ఆలోచన హేమదే. నాన్న కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువుల చుట్టూ తిరిగీ తిరిగీ చిరాగ్గా తయారయ్యారనీ, వీపున సంచీ తగిలించుకుని మంచుకొండల్లో నడిస్తే మనసు కాస్త మెత్తబడుతుందనీ ఆ పిల్ల నమ్మకం. నాన్నకూ, నాన్న ప్రాణస్నేహితుడు అమ్మిరాజు గారికీ కలిపి టికెట్లు తీసింది. అమ్మను అడగలేదు. అమ్మ మోకాళ్ళ గురించి ఆ ఇంట్లో అందరికీ ఒక గట్టి అభిప్రాయం ఉంది. మోకాళ్ళను మాత్రం ఎవరూ సంప్రదించలేదు.

కొత్తపేట దగ్గర పుట్టి, అమలాపురం పక్కకు కాపురానికి వచ్చిన మనిషి కృష్ణవేణి. ఈ రెండింటి మధ్యా భూమి ఎక్కడా తలెత్తలేదు. ఊటీ కొండ ఎక్కింది బస్సే గానీ ఆవిడ కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు. సొంత కాళ్ళతో ఆవిడ ఎక్కిన ఎత్తల్లా వడియాలు ఎండబెట్టే డాబా. కానీ బీఏలో జాగ్రఫీ తీసుకుని, ముడత పర్వతాల మీద పేజీలకు పేజీలు వ్యాసం రాసి, ఫస్టుక్లాసు తెచ్చుకుంది. చూడనివాటి గురించి అంత ధీమాగా రాసినందుకు లోపలెక్కడో కొంచెం సిగ్గు మిగిలిపోయింది. ఒక్కసారి ఎదురుగా నిలబడి చూస్తే ఆ సిగ్గు తీరుతుందని ఆవిడ ఆశ. ఆ ఆశ గురించి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడిగినవాళ్ళూ లేరు.

ఆవిడ చేసిందల్లా, బండారులంకలో చీర తీసుకోవడానికి అమ్మిరాజు గారి భార్య వీరాయమ్మను తోడు తీసుకెళ్ళడం.

"అక్కడ స్నానాలుండవంట వదినా," అంది చీర అంచు చూస్తూ.

"ఎన్నాళ్ళు?" అంది వీరాయమ్మ.

"వెళ్ళిన దగ్గర్నుంచీ వచ్చేదాకానంట. తడిగుడ్డతో తుడుచుకోవడమేనంట. తర్వాత తిన్నగా ఇంటికే కదా వస్తారు మరి."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. వీరాయమ్మ చీర మడత పెట్టేసింది. మర్నాటికల్లా అమ్మిరాజు గారికి నడుం పట్టేసింది. పట్టేసిందని ముందు వీరాయమ్మకు తెలిసింది, ఆ తర్వాత ఆయనకు తెలిసింది.

"టికెట్టు వృథాగా పోతుందే," అన్నారు సూర్యప్రకాష్ గారు దిగులుగా.

"పోనీ నేను రానాండీ, వృథా పోకుండా?" అంది కృష్ణవేణి, కూరలో కారం వేస్తూ.

"నీ మోకాళ్ళో?"

"అవీ వస్తాయండి."

అలా బయల్దేరారు. తెలుగువాళ్ళ జట్టు అది. హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని నడుములు పోగొట్టుకుంటున్న పిల్లలు ఓ పదిమంది, వాళ్ళ వెనకాల వీళ్ళిద్దరూ. జట్టును నడిపించే కుర్రాడి పేరు బీచుపల్లి. ఊరు గద్వాల వైపు. ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని, కొండల మీద మన డాబా మెట్ల మీద తిరిగినంత సులువుగా తిరుగుతాడు. అందర్నీ "సార్" అంటాడు, కృష్ణవేణిని మాత్రం "అమ్మా" అంటాడు.

పైనున్న మకాం చేరిన సాయంత్రమే గాలివాన మొదలైంది. వాన కాస్తా వడగళ్ళయింది, వడగళ్ళు కాస్తా మంచయ్యాయి. టెంట్లు తాళ్ళ మీద ఎగిరెగిరి పడ్డాయి. పిల్లలంతా బిక్కచచ్చి పెద్ద టెంటులో ఒకచోట చేరితే, సూర్యప్రకాష్ గారు మఠం వేసుకుని కూర్చున్నారు.

"దీన్ని తుఫానంటారా?" అన్నారు. "తొంభయ్యారులో చూడాలండీ మీరు."

పిల్లల్లో సగంమంది తొంభయ్యారు తర్వాత పుట్టినవాళ్ళు. మొదట భయంతో విన్నారు, తర్వాత మర్యాదకు విన్నారు. కథలో కొబ్బరిచెట్లు విరిగేసరికి చెవుల్లో ఏవో పెట్టుకున్నారు. ఆయన పెదనాన్న గారి రేకుల షెడ్డు ఎగిరి పక్క ఊళ్ళో దిగేసరికి నిద్రపోయారు. మర్నాడు కూడా గాలి తగ్గలేదు. మర్నాడు కూడా షెడ్డు ఎగిరింది.

ఆ పై ఉదయం కృష్ణవేణికి మెలకువ వచ్చేసరికి చప్పుడు లేదు. టెంటు జిప్పు తీసి తల బయటపెట్టింది. ఆకాశం కడిగి బోర్లించిన స్టీలు పళ్ళెంలా ఉంది. గడ్డి మీద, బండల మీద, ఎవరో మర్చిపోయిన బూటు మీద కూడా కొత్త మంచు. అప్పుడే పిల్లలు తడిసిన మేజోళ్ళు టెంటు తాళ్ళ మీద ఆరేస్తూ కేరింతలు కొడుతున్నారు.

"ఏవండీ, వెలిసింది," అంది.

"బయటికెళ్ళకు," అన్నారు ఆయన స్లీపింగు బ్యాగులోంచి. "కన్ను కావచ్చు."

తుఫాను కన్ను అంటే ఏమిటో కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గాలి ఉన్నట్టుండి ఆగుతుంది, అమ్మయ్య అనుకుని జనం వీధిలోకొస్తారు, అప్పుడు రెండోవైపు నుంచి ఎదురుగాలి వస్తుంది. అందుకని సూర్యప్రకాష్ గారు ఎదురుగాలి కోసం ఎదురుచూస్తూ పడుకున్నారు. టిఫిన్లయ్యాయి. గాలి రాలేదు. చివరికి బీచుపల్లే వచ్చి టెంటులోకి వంగాడు.

"సార్, ఈడ కన్నూ ముక్కూ ఏముండయి. మొత్తం పోయింది. లెవ్వుండ్రి."

జట్టును ఒకచోట నిలబెట్టి చెప్పాడు. ఒకమ్మాయికి తలనొప్పీ వాంతులూ. ఆమెను కింది మకాంకు పంపే ఏర్పాటు చూసి తను వెనక వస్తాడు. "మీరు ముందుగాల పోండ్రి. వాగు దాటుండ్రి. గట్టు మీద ఆగుండ్రి, నేనొస్త. ఆడికెళ్ళి చూస్తే అవతలి మంచుకొండలన్నీ కనిపిస్తయి. గానీ పొద్దెక్కితే లోయలకెళ్ళి మబ్బు లేస్తది. మబ్బు రాకముందే గట్టు మీద ఉన్నోళ్ళకే కనిపిస్తయి. లేటయితే ఇంత దూరమొచ్చి ఉత్తదే. రేపటి సంది దిగుడే."

కృష్ణవేణి ఆ మాట రెండుసార్లు మనసులో చెప్పుకుని సంచీ తగిలించుకుంది.

పిల్లలు గబగబా ముందుకు పోయారు. వీళ్ళిద్దరూ నిదానంగా నడిచి, చెక్క వేసిన చోట వాగు దాటారు. దాటగానే సూర్యప్రకాష్ గారు ఆగి, చుట్టూ చూసి, కుడివైపు తిరిగారు.

"ఇటేంటండీ? దారి అటు ఉంది."

"గట్టు ఇటుంది," అన్నారాయన.

నిజంగానే ఉంది. దారికి కొంచెం ఎడంగా, ఓ పెద్ద బండ చాటున, వాగు వెంబడే పొడుగ్గా రాళ్ళూ మట్టీ కలిసిన కట్ట ఒకటి. కొండే ఎప్పుడో తోసి పోసినట్టుంది. ఎండ కూడా బాగా పడుతోంది. ఆయన దాని మీదికెక్కి, కాలితో తట్టి చూసి, ఆ కొసనుంచి ఈ కొసకు నడిచారు. కొండలు మొదలయ్యాక ఆయన ముఖంలో మొదటిసారి తృప్తి కనిపించింది.

"గట్టు బానే వేసేరు గానీ, గడ్డి నాటలేదు," అన్నారు. "కూర్చో. వచ్చేస్తాడు."

కృష్ణవేణి కూర్చుంది. డబ్బా మూత తీసి కొబ్బరిలౌజు ఒకటి ఆయనకిచ్చి, ఒకటి తను తీసుకుంది. ఎదురుగా కొండ వాలు నిటారుగా పైకి పోయి, ఆకాశంలో ఓ నున్నటి గీతలా ఆగిపోయింది. ఆ గీతకు అవతల ఏముందో ఇక్కణ్ణుంచి కనబడదు.

"ఏవండీ, ఇక్కణ్ణుంచి మంచుకొండలేం కనిపించట్లేదు కదా."

"వచ్చేక చూపిస్తాడు."

"ఆ అబ్బాయి గద్వాల వైపోడు కదండీ. వాళ్ళ గట్టు మన గట్టు ఒకటేనంటారా? పైకెక్కమన్నాడేమో."

సూర్యప్రకాష్ గారు లౌజు నమలడం ఆపారు. "నేను గట్ల మీద పుట్టి గట్ల మీద పెరిగేను. ఏ గట్టుకి ఎంత ఏటవాలు ఉండాలో నన్నడిగి వేసుకున్నారు మన వైపు చెరువులోళ్ళు. గట్టంటే ఏంటో నాకు చెప్తున్నావా నువ్వు?"

"లేదండీ, ఊరికే అడిగేను."

"ఊరికే కూర్చో."

కూర్చుంది. ఇంతలో ఆయనకు పని దొరికింది. ఎండకు మంచు కరిగి వాగులో నీళ్ళు పెరుగుతున్నాయి, కట్టలో ఒకచోట సన్నగా ఊట పడుతోంది. ఊట చూసి ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. చేతులకున్న ఉన్ని తొడుగులు తీసేసి, ఓ రాయి తెచ్చి అడ్డం పెట్టారు. పక్కన ఇంకోటి పెట్టారు. చేత్తో మట్టి తవ్వి మెత్తారు.

"ఇలాగే వదిలేస్తే పొద్దుటికి గండి," అన్నారు.

"గండి పడితే ఏం పోతుందండీ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. అవతల చెరువూ లేదు, రొయ్యలూ లేవు. "గట్టు పోతుంది," అని మళ్ళీ వంగారు.

కృష్ణవేణి కాళ్ళు తిమ్మిరెక్కి లేచి, బండ పక్కకు వెళ్ళి పైకి చూసింది. ఆకాశపు గీత మీద చీమల్లా మనుషులు. వాళ్ళ మధ్య ఎర్రటి చుక్క ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. వీళ్ళు బండ చాటున లౌజు తింటుండగానే బీచుపల్లి దారమ్మట పైకి వెళ్ళిపోయి ఉంటాడు.

"ఏవండీ, అదుగో ఎర్రటోపీ. పైన. మనవాళ్ళంతా అక్కడున్నారు."

ఆయన తలెత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. చూసి, మళ్ళీ మట్టి మెత్తారు. "వేరేవాళ్ళయ్యుంటారు. ఎర్రటోపీలు బోలెడు."

"పోనీ వెళ్ళి చూద్దావండీ."

"మనం వెళ్ళేక వాడిక్కడికొస్తే? ఒకచోట ఉండమంటే అక్కడుండాలి. నువ్విక్కడే ఉండు, కదలకు."

ఈ మాట కృష్ణవేణికి కొత్త కాదు. రావులపాలెం బస్టాండులో విన్నది, రాజమండ్రి రైల్వేస్టేషన్లో విన్నది, ఆస్పత్రుల్లో, పెళ్ళిళ్ళలో, సినిమా హాళ్ళ గేట్ల దగ్గర విన్నది. విన్నప్పుడల్లా "ఆయ్" అంది. అన్నాక ఉంది. ఆవిడను పెట్టిన చోట ఆవిడ దొరకలేదన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

కిందికి చూసింది. లోయ అడుగున, చెట్ల మీద, పాలపొంగులా తెల్లటిది లేస్తోంది. తొందరేం లేదన్నట్టు, కానీ ఆగకుండా పైకే వస్తోంది. రేపటి నుంచి దిగడమే. దిగాక అమలాపురం. అక్కడ ఎంత నిలబడి చూసినా కొబ్బరాకులే.

"ఆయ్," అంది కృష్ణవేణి. సంచీ తగిలించుకుని, దారెక్కి, పైకి నడిచింది.

"ఎక్కడికే?" అని వినిపించింది వెనకనుంచి. తర్వాత, "కృష్ణవేణీ!" అని. తర్వాత, "పడతావు!" అని. ఆయన చేతిలో అప్పుడు రాయి ఉంది కాబట్టి వెంటనే లేవడం కుదరలేదు.

వాలు కింద నుంచి చూసినదానికంటే నిటారుగా ఉంది. పిల్లలు తొక్కిన అడుగుల్లో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. నాలుగడుగులకోసారి ఊపిరి కోసం ఆగింది. చెవుల్లో గుండె చప్పుడు పిండిమరలా ఉంది. సగం దూరంలో, మోకాళ్ళ గురించి ఇంట్లో వాళ్ళ అభిప్రాయం సరైనదేమోనన్న అనుమానం వచ్చింది. ఒక బండ మీద చెయ్యి ఆనించి, కిందికి చూడకుండా, ఎక్కేది డాబా మెట్లేననీ పైన వడియాలు తడిసిపోతున్నాయనీ అనుకుంది. ఆ అనుకోవడం పనిచేసింది. వడియాలు తడుస్తుంటే ఆవిడ ఎన్నడూ నిలబడలేదు.

పైనుంచి ఓ చెయ్యి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. ఎర్రటోపీ.

"ఏడున్నరమ్మా ఇంతసేపు? ముందే పోయిన్రనుకున్న! సార్ ఏడి?"

"గట్టు మీదున్నారు బాబూ," అంది ఆయాసపడుతూ.

"గట్టు ఇదే గదమ్మా!"

"ఇది మీ గట్టు. మా గట్టు వాగు పక్కనుంది."

బీచుపల్లికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మా దిక్కు గట్టంటే గుట్టనేనమ్మా. మీరు చెరువుకట్ట అనుకున్నరా? అయ్యో, నేను చూసి తోలుకొస్త," అంటూనే వాలు దిగి పరుగెత్తాడు.

అప్పుడు కృష్ణవేణి ఇటు తిరిగింది.

అవి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, దాని భుజం మీంచి తొంగిచూస్తూ ఇంకొకటి, కంటికి ఆనినంత మేరా. రాత్రి పడ్డ మంచు కింద ఒక్క మచ్చ లేదు. పుస్తకంలో వాటికి గీసిన గీతలు, బాణం గుర్తులు, ఎత్తులు, ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. అక్కడ బాణం గుర్తులేం కనబడలేదు. ఒక శిఖరం కొస నుంచి మంచుపొడి గాలికి లేచి, ఎవరో దులిపిన బియ్యప్పిండిలా ఎండలో మెరిసి, రాలిపోయింది. చప్పుడు మాత్రం ఇంత దూరం రాలేదు. ఆవిడ వచ్చినట్టు వాటికి తెలియలేదు. అది ఆవిడకు చాలా నచ్చింది. ఇన్నాళ్ళలో ఆవిడ ఎక్కడికెళ్ళినా, ఏం వండుతున్నావని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

పిల్లలు ఫోటోల గోల ఆపాక ఓ రాయి మీద కూర్చుంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎంతసేపో తెలియదు. పాలపొంగు లోయ నిండి, అంచు దాటి, మొదట చిన్న శిఖరాన్ని, తర్వాత దాని పక్కదాన్ని, ఏ హడావిడీ లేకుండా ఒక్కొక్కటే తీసి దాచేసింది. చివరిది పోయేదాకా కృష్ణవేణి లేవలేదు.

అంతా తెల్లబడ్డాక సూర్యప్రకాష్ గారు పైకొచ్చారు. బీచుపల్లి ఆయన సంచీ కూడా తనే మోస్తూ, దారంతా ఆయనకు క్షమాపణలు చెప్పుకుంటూ వచ్చినట్టున్నాడు. ఆయన మోచేతుల దాకా మట్టి.

"పర్లేదు బాబూ," అంటున్నారు ఆయాసపడుతూ. "ఊరికో మాట ఉంటుంది. నేను మనసులో పెట్టుకోను. ఇకముందు నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్తూ ఉండు."

"గట్లనే సార్."

ఆయన ఊపిరి తీసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకు చూశారు. "ఏవీ?" అన్నారు.

"అవేనండి," అంది కృష్ణవేణి, తెల్లగా ఉన్నవైపు చూపిస్తూ.

"ఏమీ లేదు కదే?"

"ఇందాకటి దాకా ఉన్నాయండి. ఎటూ వెళ్ళుండవు."

ఆయన కొంచెం పక్కకు జరిగి చూశారు. అక్కడా తెలుపే. "వెలుస్తుందా బాబూ?"

"ఇయ్యాల్టికి ఇంతే సార్. ఇంక ఆగితే దిగుడు కష్టమయితది."

"ఫోటో తీసేవా?" అన్నారు కృష్ణవేణితో, గొంతు తగ్గించి.

"ఫోను మీ లోజేబులో ఉందండి. చలికి బ్యాటరీ చస్తుందని మీరే పెట్టుకున్నారు."

ఆయన జేబు తడుముకున్నారు. ఉంది. వెచ్చగా కూడా ఉండి ఉంటుంది. చెయ్యి అక్కడే ఉంచుకుని కాసేపు నిలబడ్డారు. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు.

"ఎలా ఉన్నాయి?" అని అడిగారు చివరికి.

కృష్ణవేణి చెబుదామని నోరు తెరిచింది. పేజీలకు పేజీలు రాసిన మనిషి. ఒక్క ముక్క రాలేదు. "చూడాలండీ," అంది అంతే. ఆ మాట దెప్పడానికి అనలేదు. అయినా ఆయన దెబ్బ తిన్నవాడిలా ఆవిడ పక్కన రాయి మీద కూలబడ్డారు.

"ఆ ఎర్రటోపీ నాక్కూడా కనబడింది," అన్నారు నేల చూస్తూ.

"ఎప్పుడండీ?"

"నువ్వు చూపించేవు కదా, అప్పుడే. మనోడేనని తెలిసింది. కానీ అప్పటికే నీతో అంత మాట అనేసేను. లేచి నీ వెనకాల వస్తే ఏం బావుంటుందని…"

గాలి పెద్దగా లేదు. పిల్లలు సర్దుకోవడం కూడా ఆపేసి, బూట్ల తాళ్ళు కడుతున్నట్టు వంగి వింటున్నారు. కృష్ణవేణి చెవి మీది ఉన్నిటోపీ పైకి లాక్కుని ఆయన వైపు ఒరిగింది.

"గాలికి వినబళ్ళేదండీ," అంది. "ఏవన్నారు?"

సూర్యప్రకాష్ గారు జట్టు వైపు చూశారు, బీచుపల్లి వైపు చూశారు, ఏమీ కనిపించని ఆ తెల్లటి వైపు చూశారు. లేచి నిలబడ్డారు.

"తప్పు నాదేనన్నాను," అన్నారు, ఈసారి అందరికీ వినబడేట్టు. "గట్టు ఇదే. నేను కూర్చున్నది కాదు."